తరుగు లెక్కలో చిక్కుకున్న ఇన్నర్ క్లాసు: నా ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

మా చిన్నాయన మిర్యాలగూడలో ఒక మిల్లులో గుమాస్తా. లారీ కాంటా ఎక్కినప్పటి నుంచి రైతు చేతికి చిట్టీ వెళ్లేదాకా మధ్యలో ఉండే లెక్కంతా ఆయనదే. ఇన్నాళ్లూ ఎక్సెల్ షీట్‌తో నెట్టుకొచ్చాడు. పోయిన వారం ఫోన్ చేసి, "తరుగు దేనికెంత తీసినమో చిట్టీల కనబడాలె. రైతులు అడుగుతున్నరు. నువ్వు జావా చేస్తవు గద, జర చేసిపెట్టు" అన్నాడు. యాసంగి కోతలు మొదలయ్యేలోపు కావాలట.

ఇవాళ నల్లగొండ ఇంట్లో కూర్చుని డిజైన్ గీశాను. 'లాట్' అని ఒక క్లాసు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసు అంటే వస్తువులను (ఆబ్జెక్టులను) పుట్టించే అచ్చు, ఇక్కడ ఒక్కో లారీ సరుకుకు ఒక్కో లాట్. అందులో మొత్తం బరువు, సంచుల సంఖ్య, తేమ శాతం, నికర బరువు. ఒక్కో తరుగు ఒక్కో నియమం. ఖాళీ సంచుల బరువు ఒకటి, తేమ ఒకటి, తాలు ఒకటి, హమాలీ ఒకటి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. మిల్లులో సన్నాలను పచ్చిగానే కొంటారు కాబట్టి లెక్క వేరు, అది సీజన్‌ను బట్టి మారుతుంది కూడా. అందుకే ఏ నియమాలు నడవాలో ఒక ఫైల్లో రాసి పెడదాం, చిన్నాయనే మార్చుకుంటాడు, ప్రోగ్రాం ఆ పేర్లు చదివి రిఫ్లెక్షన్‌తో, అంటే నడుస్తుండగానే పేరును బట్టి క్లాసును వెతికి వస్తువు పుట్టించే సదుపాయంతో, క్లాసులను లేపుతుంది అనుకున్నాను. ఫైలు ముట్టుకునేది ఆయన కాబట్టి క్లాసుల పేర్లు తెలుగులోనే పెట్టాను. జావా దానికి అభ్యంతరం చెప్పదు. యూనికోడ్ అక్షరాలతో పేర్లు పెట్టుకోవచ్చు, గుణింతాలతో సహా.

నియమాలను లాట్ లోపలే ఇన్నర్ క్లాసులుగా, అంటే ఒక క్లాసు లోపల ఇంకో క్లాసుగా, రాశాను. కారణం బద్ధకమే. లోపల ఉంటే తేమ, సంచులు, నికర బరువు అన్నీ నేరుగా అందుతాయి, వాటిని బయటికిచ్చే గెట్టర్లు రాయక్కర్లేదు. ఈ బద్ధకానికి ఎంత వడ్డీ కట్టానో కింద రోజువారీగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం

ముందు చిల్లర సమస్యలు. జావాలో సెట్టింగులు రాసుకునే ప్రాపర్టీస్ ఫైలు వాడితే తెలుగు పేర్ల బదులు నెత్తిమీద గీతలున్న ఏవో అక్షరాలు వచ్చాయి. ఇన్‌పుట్ స్ట్రీమ్ (ముడి బైట్లు) ఇస్తే ప్రాపర్టీస్ క్లాసు ఫైలును తెలుగు లేని ఐఎస్ఓ 8859-1 లిపి పద్ధతిలోనే చదువుతుంది, తెలుగు పట్టే యూటీఎఫ్-8 కావాలంటే రీడర్ (అక్షరాలుగా చదివేది) ఇవ్వాలి. ఇచ్చాను. తర్వాత చూస్తే నియమాల వరుస తారుమారు. ప్రాపర్టీస్ అంటే లోపల హ్యాష్‌టేబులే, ఫైల్లో రాసిన వరుస దానికి పట్టదు.

మాకు వరుస పడుతుంది. నమూనా లారీ తీసుకుంటే: 300 సంచులు, సంచులతో కలిపి 12,174 కిలోలు, తేమ 19. ఖాళీ గోనెసంచి 580 గ్రాముల లెక్కన 174 కిలోలు పోతే సరిగ్గా 12,000. తేమ 17 పైన ఉన్న ఒక్కో శాతానికి క్వింటాలుకు కిలో చొప్పున 240 తీస్తే 11,760. అదే తేమ ముందు, సంచులు తర్వాత తీస్తే 11,756 కిలోల 520 గ్రాములు. మూడున్నర కిలోలే కదా అని మనం అనుకుంటాం, సంచి సంచికీ గోనె బరువుకు కూడా తేమ తరుగు కట్టిన రైతు అనుకోడు. ప్రాపర్టీస్‌ను పక్కన పడేసి, వరుసకొక పేరున్న మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టాను.

ఇప్పుడు అసలు కథ. ఫైల్లో 'లాట్.తేమతరుగు' అని చుక్కతో రాస్తే క్లాసు దొరకలేదు. లాట్ అనే ప్యాకేజీలో వెతుకుతోంది పాపం. లోపలి క్లాసు అసలు పేరులో చుక్క ఉండదు, డాలరు గుర్తు ఉంటుంది: లాట్$తేమతరుగు. గెట్ నేమ్ ఇచ్చేది ఈ పేరు. గెట్ కనోనికల్ నేమ్ ఇచ్చేది చుక్కల పేరు. క్లాస్ ఫర్ నేమ్‌కు పనికొచ్చేది మొదటిది.

డాలరు పెట్టాను, క్లాసు దొరికింది. వస్తువును పుట్టించే కోడ్‌ను కన్‌స్ట్రక్టర్ అంటారు, దానికి మనమిచ్చే విలువలు ఆర్గ్యుమెంట్లు. ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ అడిగితే నో సచ్ మెథడ్ ఎక్సెప్షన్, అంటే అలాంటిది లేదని. కోడ్‌లో చూస్తే తేమతరుగుకు నేను కన్‌స్ట్రక్టరే రాయలేదు. రాయకపోతే ఖాళీది కంపైలరే (మన కోడ్‌ను క్లాసు ఫైళ్లుగా మార్చేది) పెడుతుంది కదా? పెట్టే ఉండాలి. అరగంట ఆ ఒక్క లైనును చూస్తూ కూర్చున్నాను. చివరికి జావాప్‌తో క్లాసు ఫైలు విప్పి చూశాను. కన్‌స్ట్రక్టర్ ఉంది, కానీ ఖాళీగా లేదు. మొదటి ఆర్గ్యుమెంటుగా ఒక లాట్‌ను అడుగుతోంది. లోపల 'దిస్$0' అని నేను రాయని ఫీల్డు ఒకటి. వచ్చిన లాట్‌ను అందులో దాచుకుంటోంది.

సంగతి ఇదీ. ఇన్నర్ క్లాసు అనేది చాలావరకు కంపైలర్ ఆడే నాటకం. ఆ ఫైళ్లను నడిపే జేవీఎంకు అవి రెండు విడివిడి క్లాసులే, రెండు విడి ఫైళ్లే. లోపలి వస్తువు బయటి వస్తువు ఫీల్డును చూడాలంటే బయటిది ఎవరో దానికి తెలియాలి. అందుకని కంపైలర్ కన్‌స్ట్రక్టర్‌కు ముందు ఒక ఆర్గ్యుమెంటు చేర్చి, వస్తువు కోసం మనం న్యూ అన్న ప్రతిచోటా చప్పుడు లేకుండా దాన్ని పంపుతుంది. రిఫ్లెక్షన్‌లో పిలిచేది మనం, మధ్యలో కంపైలర్ లేడు. ఆ ఆర్గ్యుమెంటు మనమే ఇవ్వాలి. అంటే, లాట్ టైపును ఇచ్చి గెట్ డిక్లేర్డ్ కన్‌స్ట్రక్టర్ అని అడగాలి, తర్వాత న్యూ ఇన్‌స్టన్స్‌కు నిజమైన లాట్‌ను అందించాలి. నియమానికి దాని సొంత ఆర్గ్యుమెంట్లు ఉంటే అవి లాట్ తర్వాత వస్తాయి.

తమాషా ఏమిటంటే ఇన్నర్ క్లాసులూ, రిఫ్లెక్షనూ జావాలోకి వచ్చింది ఒకే వెర్షన్‌లో, 1997 నాటి జావా కిట్ జేడీకే 1.1లో. ఒక ఇంట్లో పుట్టిన అన్నదమ్ములకు ఇంత పేచీ.

ఆదివారం సాయంత్రం

తల వేడెక్కి పానగల్లు వెళ్లొచ్చాను. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం దగ్గర పగలంతా ఒక స్తంభం నీడ కనబడుతుంది కదా. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే, అది ఏ స్తంభం నీడో పట్టుకోవాలని మేమంతా ఒక్కో స్తంభం ముందు నిలబడి చూసేవాళ్లం. ఎవరం నిలబడ్డా నీడ చెక్కుచెదరలేదని గుర్తు. ఇవాళ నేను నిలబడలేదు, పూజారి గారు చూస్తున్నారని. కానీ ఎర్రర్ మెసేజ్‌లో కనబడకుండా, నా కోడ్‌లో కనబడకుండా పొద్దున్నుంచీ నా మీద పడ్డ ఆ లాట్ నీడే గుర్తొచ్చింది.

సోమవారం

ఆఫీసు పని మధ్యలో దొంగచాటుగా గంట.

లాట్‌ను ఇచ్చి పిలిస్తే ఇల్లీగల్ యాక్సెస్. నియమాలను ప్రైవేటుగా, అంటే బయటి క్లాసులకు అందకుండా, రాశాను, ప్రైవేటు క్లాసుకు కంపైలర్ పెట్టే కన్‌స్ట్రక్టర్ కూడా ప్రైవేటే. సెట్ యాక్సెసిబుల్ అని తాళం తీశాను. నమూనా లారీ నడిచింది, 11,760. హమ్మయ్య.

మంగళవారం

తొందరపడి హమ్మయ్య అన్నాను.

రెండో లారీ: 250 సంచులు, 10,145 కిలోలు, తేమ సరిగ్గా 17. సంచులకు 145 పోయి 10,000 రావాలి. 10,145 వచ్చింది, తరుగు సున్నా. ఇదెక్కడి గొడవ అని మొదటి లారీ చిట్టీ మళ్లీ తీస్తే 11,354 కిలోల 280 గ్రాములు! ఇందాక 11,760 ఉన్నదే.

కాగితం మీద వేసి చూస్తే తేలింది. 11,760లో మళ్లీ 174 పోతే 11,586. అందులో రెండు శాతం పోతే సరిగ్గా ఆ అంకె. అంటే రెండో లారీ తరుగు కూడా మొదటి రైతు నెత్తినే పడింది. ఇది గనక మిల్లులో జరిగి ఉంటే చిన్నాయనను ఆఫీసు గది నుంచి బయటికి రానిచ్చేవాళ్లు కాదు.

తప్పు నాదే. రిఫ్లెక్షన్ నెమ్మది అని ఎక్కడో విన్న మాట మనసులో ఉండి, ఒకసారి తయారైన నియమం వస్తువులను మ్యాప్‌లో దాచి మళ్లీ మళ్లీ వాడాను. ఆ వస్తువుల కడుపులో దిస్$0 ఉంది, అందులో మొదటి లారీ లాట్ ఉంది. అది ఫైనల్ ఫీల్డు, తర్వాత మారదు. నియమం ఎన్నిసార్లు పిలిచినా పుట్టినప్పుడు చేయి పట్టుకున్న లాట్ దగ్గరికే పోతుంది. దాచాల్సింది వస్తువును కాదు, కన్‌స్ట్రక్టర్‌ను. క్లాసును వెతకడం, కన్‌స్ట్రక్టర్‌ను అడగడం, తాళం తీయడం ఒక్కసారి చేసి ఉంచుకుని, లారీ లారీకి కొత్త వస్తువు పుట్టించాలి. అలా మార్చాను. రెండు లారీలూ సరిగ్గా వచ్చాయి.

అసలు దాచడమే అనవసరం. సీజన్ ముమ్మరంగా ఉన్నా రోజుకు వందల్లో లారీలు, లారీకి నాలుగు నియమాలు. ఆ మాత్రానికి రిఫ్లెక్షన్ వల్ల ప్రింటర్ ఆలస్యం కాదు. కొలవకుండా వేగం కోసం వెంపర్లాడితే ఇదే గతి.

చిన్నాయన ఫోన్: "ఏమైందిర, యాసంగి అయిపోయినంక ఇస్తవా?"

"రెండు రోజులు ఆగు చిన్నాయనా."

"మొన్న గూడ రెండు రోజులే అన్నవు."

బుధవారం

ఈ రోజు దొరికిన తప్పు తెలుగులో కోడ్ రాసేవాళ్లకే దొరుకుతుంది, అందుకే కాస్త వివరంగా రాసుకుంటున్నాను.

గోనెసంచి నియమానికి 'బ్యాగ్‌తరుగు' అని పేరు మార్చాను, చిన్నాయన చిట్టీలో బ్యాగులనే రాస్తాడు కాబట్టి. కోడ్‌లో మార్చాను, ఫైల్లో మార్చాను. కోడ్ నుంచి కాపీ చేసి మరీ ఫైల్లో పెట్టాను. క్లాసు దొరకలేదు. అక్షరం అక్షరం పోల్చాను, ఒకటే. మళ్లీ కంపైల్ చేశాను, అంతే. ఫోల్డర్ తెరిచి క్లాసు ఫైలు చూస్తే దాని పేరు 'లాట్$బ్యాగ్తరుగు' అని ఉంది. గ కింద త వత్తు!

గ పొల్లు పక్కన త వత్తుగా మారకుండా విడిగా ఉండాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. కీబోర్డు దాన్ని పెట్టింది. జావా నియమాల ప్రకారం పేర్లలో అలాంటి అక్షరాలను లెక్కలోకి తీసుకోకూడదు, కంపైలర్ నోరు మూసుకుని వదిలేసింది. క్లాస్ ఫర్ నేమ్ మాత్రం మనమిచ్చిన మాటను ఉన్నదున్నట్టుగా వెతుకుతుంది. కంపైలర్ దృష్టిలో ఒకటే అయిన రెండు పేర్లు రిఫ్లెక్షన్ దృష్టిలో వేరు. ఇక్కడా కథ అదే: కంపైలర్ చాటున చేసిపెట్టే పని రిఫ్లెక్షన్‌లో మన మెడకు చుట్టుకుంటుంది.

మందు చిన్నదే. ఫైల్లోంచి వచ్చిన పేరులో, క్యారెక్టర్ క్లాసులోని ఈజ్ ఐడెంటిఫయర్ ఇగ్నోరబుల్ అవునన్న అక్షరాలన్నిటినీ తీసేసి తర్వాత వెతకడం.

చదివేవాళ్లు 'పేర్లు ఇంగ్లీషులో పెట్టి ఉంటే పోయేది కదా' అంటారని తెలుసు. పోయేది. కానీ ఆ ఫైలు తెరిచేది నేను కాదు.

గురువారం

మిల్లు కంప్యూటర్లో విండోస్ 7, జావా 8. నా ల్యాప్‌టాప్‌లో జేడీకే 17. జావా 8లో నడిచేలా రిలీజ్ 8 అని పెట్టి కంపైల్ చేసి, జార్ (క్లాసులన్నీ కట్టిన ఒకే ఫైలు) చేసి ఇంట్లోనే పాత జావాతో నడిపి చూశాను. మూడు నియమాలు నడిచాయి, తాలు నియమం ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ అంటూ ఆగింది. ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పట.

నియమానికి సొంత ఆర్గ్యుమెంట్లు ఏమున్నాయో తెలియకుండా పిలవాలని, సోమవారం కోడ్‌ను మధ్యలో ఒకసారి 'సరదాగా' మార్చాను. డిక్లేర్డ్ కన్‌స్ట్రక్టర్లన్నీ తెచ్చి మొదటిది తీసుకోవడం. ఒకటే ఉంటుంది కదా అన్న ధీమా. తాలు నియమానికి రెండున్నాయి. ఒకటి లాట్‌ను అడిగేది. రెండోది లాట్‌తో పాటు 'లాట్$1' అనే నేనెరగని టైపును అడిగేది.

దీని మూలం తెలుసుకోవడానికి చాలా తవ్వాను. లాట్ లోపల ఒకచోట నేను మామూలుగానే, రిఫ్లెక్షన్ లేకుండా, తాలు నియమాన్ని న్యూ అని పుట్టించాను. జేవీఎంకు అవి వేరు వేరు క్లాసులు కాబట్టి లాట్‌కు కూడా ఆ ప్రైవేటు కన్‌స్ట్రక్టర్ అందదు. జావా భాషలో మాత్రం అందాలి. అందుకని పాత కంపైలర్లు దొడ్డిదారిన ప్రైవేటు కాని ఇంకో కన్‌స్ట్రక్టర్ కట్టేవి. అది మొదటిదానితో కలిసిపోకుండా గుర్తుకోసం ఒక ఉత్త ఆర్గ్యుమెంటు తగిలించేవి. 2018లో జావా 11తో నెస్ట్‌మేట్స్ అన్నది వచ్చి, ఒకే గూటి క్లాసులు ఒకదాని ప్రైవేటు ఇంకోటి చూడొచ్చని జేవీఎంకే చెప్పారు. అప్పటి నుంచి దొడ్డిదారి అక్కర్లేదు. కానీ 8 కోసం కంపైల్ చేయమంటే జేడీకే 17 కూడా పాత దారే పడుతుంది. అందుకే మిగతా రోజులన్నీ నా దగ్గర బాగానే నడిచింది.

కన్‌స్ట్రక్టర్ల జాబితాలో ఏది మొదట వస్తుందో హామీ లేదని డాక్యుమెంటేషన్లోనే ఉంది. చదివిందే. చదివి కూడా సున్నా నంబరుది పట్టుకున్నాను. ఈజ్ సింథెటిక్ అని అడిగి కంపైలర్ సృష్టించినవాటిని వదిలేయొచ్చు, కానీ టైపు చెప్పి కచ్చితంగా అడగడమే మేలు. వెనక్కి మార్చేశాను.

శుక్రవారం

తేమ తరుగుకు శ్లాబులు కావాలన్నాడు చిన్నాయన. 17 నుంచి 20 దాకా ఒక లెక్క, పైన ఇంకో లెక్క. అలవాటు కొద్దీ తేమతరుగు లోపల శ్లాబ్ అని ఇంకో ఇన్నర్ క్లాసు. దానికి లాట్ ఇస్తే టైపు కుదరలేదంది. దానికి కావాల్సింది తనకు వెంటనే బయట ఉన్నది, అంటే తేమతరుగు. తేమతరుగుకు లాట్. గెట్ డిక్లేరింగ్ క్లాస్ అని అడుగుతూ పైకి పోయి, పై నుంచి ఒక్కొక్కటే పుట్టించుకుంటూ కిందికి దిగే చిన్న ఫంక్షన్ రాశాను. మధ్యలో స్టాటిక్ క్లాసు తగిలితే అక్కడితో ఆగాలి, దానికి బయటివాళ్లు అక్కర్లేదు. ఈనమ్‌లు, ఇంటర్‌ఫేసులు లోపల రాస్తే మనం చెప్పకపోయినా స్టాటిక్కే.

టెస్టు రాస్తూ లాట్ బదులు నల్ (ఏ వస్తువూ లేదు అనే విలువ) ఇచ్చి చూశాను. వస్తువు పుట్టింది! కోడ్‌లో నల్ మీద న్యూ అంటే వెంటనే నల్ పాయింటర్ వస్తుంది, ఆ తనిఖీని పిలిచే చోట కంపైలర్ పెడుతుంది. రిఫ్లెక్షన్‌లో నా జేడీకే 17తో కంపైలైన క్లాసులో ఏ తనిఖీ లేకుండా, తల్లి లేని నియమం ఒకటి పుట్టి కూర్చుంది. తేమ ఎంత అని అడిగినప్పుడు గానీ పడిపోలేదు.

అక్కడ చేయి ఆగిపోయింది. నాలుగు కూడికలు, తీసివేతల కోసం నేను పుట్టుక, వంశవృక్షం, దొడ్డిదారి అన్నీ రాసుకుంటూ పోతున్నాను.

శనివారం

అన్నీ స్టాటిక్ చేసేశాను. ఒక్కో నియమం ముందు ఒక్క మాట చేర్చడం, లాట్‌ను కన్‌స్ట్రక్టర్‌కు కాకుండా లెక్క వేసే మెథడ్‌కు ఆర్గ్యుమెంటుగా ఇవ్వడం. అంతే. దిస్$0 పోయింది. ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఖాళీగానే ఉంది. ఇప్పుడు నియమం వస్తువును ఒక్కసారి పుట్టించి ఎన్ని లారీలకైనా వాడొచ్చు, మంగళవారం నాటి తప్పు చేద్దామన్నా కుదరదు. గంటన్నర పట్టింది. జేసన్ డేటాను వస్తువులుగా మార్చే జీసన్ లాంటి లైబ్రరీలు కూడా స్టాటిక్ కాని లోపలి క్లాసులను వాటంతట అవి పుట్టించలేమని తమ గైడులోనే రాసుకున్నాయి. వాళ్లు అన్నేళ్ల కింద తేల్చుకున్నది నాకు వారం పట్టింది.

లోపలి వస్తువు నిజంగా ఒక్క బయటి వస్తువుతోనే బతికి పోయేదైతే, జాబితాను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ లాగా, ఇన్నర్ క్లాసు అందమైనది. పేరుతో పిలిచి పుట్టించేవాటికి కాదు. శుక్రవారం రాసిన ఫంక్షన్ తీసేయడానికి మనసొప్పక వేరే ఫోల్డర్లో పెట్టాను. ఎప్పుడో పనికొస్తుంది అనుకుంటాను గానీ, రాదు.

సోమవారం, మిర్యాలగూడ

సెలవు పెట్టి పొద్దున రైల్లో వచ్చాను. జార్ పెట్టి నమూనా లారీ కొట్టాను, 11,760. చిట్టీలో బ్యాగులు 174, తేమ 240 అని విడివిడిగా. చిన్నాయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని రెండుసార్లు కాలిక్యులేటర్ మీద వేసి చూసుకున్నాడు.

"ఇయ్యాల హమాలీ వద్దు, సేటు ఇస్తడట. అదెట్ల తీసెయ్యాలె?"

"ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టు చిన్నాయనా."

ఆయన నోట్‌ప్యాడ్ తెరిచాడు. హమాలీ మొదటి లైనే. హ్యాష్ పెట్టి సేవ్ చేశాడు. ప్రోగ్రాం ఆగిపోయింది, '#లాట్$హమాలీ' అనే క్లాసు దొరకలేదట.

ఆ విండోస్ నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కనబడని గుర్తు ఒకటి పెడుతుంది, బామ్ అంటారు. జావా దాన్ని తీసేయకుండా మొదటి లైనుకే అతికించి ఇస్తుంది. కనబడని అక్షరాలు తీసే కోడ్ బుధవారమే రాశాను, అది బామ్‌ను కూడా తీసేస్తుంది. కానీ నేను ముందు హ్యాష్ ఉందా అని చూసి, తర్వాత శుభ్రం చేస్తున్నాను. లైను బామ్‌తో మొదలైంది కాబట్టి హ్యాష్ కనబడలేదు. రెండు లైన్లు పైకి కిందికి మార్చి మళ్లీ జార్ కట్టాను. బయట కాంటా మీద ట్రాక్టరు హారన్ కొడుతోంది.

"అయిందార?"

"అయింది. ఇప్పుడు కొట్టు."